అన్నం పెట్టాడా, కూలి ఇచ్చాడా?

"పోస్నెట్ దొర కరువులో అన్నం పెట్టి ఈ గుడి కట్టించాడు." మెదక్ చర్చికి వెళ్ళినవాళ్ళు మొదట వినే మాట ఇదే. మొన్న ముసురులో వెళ్తే నాకూ ఇదే చెప్పారు. ఈ వాక్యంతో నాకు పేచీ ఉంది.

1914లో పని మొదలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంట గోపురం. పదేళ్ళు రాళ్ళెత్తినవాళ్ళు తిన్నది కూలి. దాన్ని "పెట్టాడు" అంటారేం? మిత్రులారా, క్రియలు చూడండి. దొర పెట్టాడు, మనం తిన్నాం. మరి "కట్టాం" అన్న క్రియ ఎటు పోయింది?

అది పోబట్టే ఇవాళ "బియ్యం బస్తా క్రైస్తవులు" అని నోరు పారేసుకుంటున్నారు. మిషన్ భక్తుడు దయ అన్నదాన్నే మతోన్మాది లంచం అంటున్నాడు. ఇద్దరికీ మన చెమట ఆనలేదు.

ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. బయట వెలుతురుంటేనే ఆ బొమ్మలు పలుకుతాయి. ఆ రోజు మబ్బుకి రంగులు మసకబారి రాయి కనిపించింది. నమూనా గీసిన హార్డింగ్ పేరు చెప్తారు, అద్దాలు చేసినాయన పేరు చెప్తారు. ఆ రాయి కొట్టినవాళ్ళలో ఒక్క పేరు చెప్పండి!

సరే, ఆకలికే చేరారనుకుందాం. బావిలో చేద వెయ్యనివ్వనివాళ్ళకి, గుడి మెట్టెక్కనివ్వనివాళ్ళకి ఆ మాట అనే నైతిక హక్కెక్కడిది? మనవాళ్ళు అన్నంతో పాటు బడి అడిగారు, ఆసుపత్రి అడిగారు, మనిషిగా పిలిపించుకోవడం అడిగారు.

చర్చిలోకి వెళ్తే కులం పోయిందా? క్రైస్తవుడైన జాషువాని అంటరానితనం వదిలిందా? మాల మాదిగ గోడ చర్చి లోపలా ఉంది, దాన్నీ కూల్చాల్సిందే. రాజ్యం మాత్రం శిలువ పట్టుకోగానే కులం పోయిందంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాళ్ళు ఎస్సీలు కారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే. ఆ పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. తీసెయ్యకుండా 2022లో ఇంకో కమిషన్ వేశారు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీకి దక్కేది బీసీ-సీ, 1 శాతం.

అందుకే మన పిల్లలకి ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. దాన్ని మోసం అంటున్నారు. దేవుడు కావాలా, హక్కు కావాలా తేల్చుకోమన్నది ఎవరు? 25వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛకి మన దగ్గర మాత్రమే ధర వసూలు చేస్తున్నది ఎవరు? మోసం అక్కడ ఉంది.

విద్యార్థి మిత్రులారా, రెండు పనులు చేయండి. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళని అడిగి, ఆ రాళ్ళు మోసిన ముత్తాతల, ముత్తవ్వల పేర్లు రాసిపెట్టండి. మూడో పేరా గురించి ప్రతి హాస్టల్‌లో చర్చ పెట్టండి. "అన్నం పెట్టాడు" అన్నవాడికి "మేం కట్టాం" అని చెప్పండి.

జై భీం.