కోట కనిపిస్తుంది, ఊరు కనిపించదు

స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాల్లో సెప్టెంబర్‌లో చదువులు మొదలవుతాయి. చలి ముదరకముందే విద్యార్థులు తలా కొంత వేసుకుని బస్సు మాట్లాడుకుంటారు. ఏదో ఒక శనివారం తెల్లవారకముందే ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండలకు బయల్దేరతారు. గ్లాస్గో, ఎడిన్‌బరో, డండీల నుంచి కదిలే ఈ బస్సుల్లో గుంటూరు, కరీంనగర్, హైదరాబాద్ పిల్లలు కనిపించడం ఇప్పుడు మామూలే. డబ్బాల్లో పులిహోర, చెవుల్లో పాటలు, చేతిలో ఫోన్. డ్రైవరే గైడ్. స్టిర్లింగ్ కోట, సీరియళ్లలో చూసిన డూన్ కోట, గ్లెన్‌కో లోయ, చివరికి నెస్ సరస్సు ఒడ్డున అర్కర్ట్ కోట శిథిలాలు. పన్నెండు గంటల ప్రయాణం ముగిసేసరికి ఫోన్ నిండా ఫొటోలు. ఇంటికి చేసే వీడియో కాల్‌లో రెండే మాటలు: కోటలు అద్భుతం, ఊళ్లు లేని ఆ పచ్చటి కొండలు ఇంకా అద్భుతం.

ఈ రెండో అద్భుతం దగ్గరే కాసేపు ఆగాలి. ఎందుకంటే కోట గురించి చెప్పడానికి గైడ్ ఉన్నాడు, టికెట్ ఉంది, బోర్డు ఉంది. ఖాళీ కొండ గురించి చెప్పేవారు లేరు. అది దేవుడు అలాగే సృష్టించాడని చూసేవారు అనుకుంటారు. చాలాచోట్ల అది నిజం కాదు.

ముందు కోటల సంగతే చూద్దాం. స్కాట్లాండ్ క్యాలెండర్లపై ఎక్కువగా కనిపించే కోటల్లో ఐలన్ డోనన్ ఒకటి. మూడు ఉప్పునీటి పాయలు కలిసేచోట చిన్న దీవి, దానిపై రాతి గోడలు, రాతి వంతెన. వెయ్యేళ్లుగా అలాగే నిలిచి ఉందనిపిస్తుంది. నిజానికి 1719లో బ్రిటిష్ యుద్ధనౌకలు దాన్ని ధ్వంసం చేశాయి. దాదాపు రెండు వందల ఏళ్లు అది రాళ్ల కుప్పే. 1911లో ఒక సైనికాధికారి ఆ దీవిని కొని కోటను మళ్లీ కట్టించాడు. పని 1932లో పూర్తయింది. రాజవంశం విడిదికి వెళ్లే బాల్మోరల్ ప్రస్తుత భవనం 1856 నాటిది. గళ్ల బట్ట కథా అంతే. 1746లో తిరుగుబాటును అణిచిన ప్రభుత్వం హైలాండ్ దుస్తులను చట్టం ద్వారా నిషేధించింది. 1782లో నిషేధం ఎత్తేసింది. 1822లో ఎడిన్‌బరో వచ్చిన నాలుగో జార్జి రాజు స్వయంగా ఆ దుస్తులే తొడుక్కున్నాడు. భయపెట్టినంత కాలం నేరమైనది, భయం పోయాక ఫ్యాషనైంది.

ఈ మార్పుకు మూలం 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో జరిగిన యుద్ధం. గంట తిరక్కుండానే ముగిసిపోయిన ఆ యుద్ధంలో హైలాండ్స్ తెగల సైన్యం చితికిపోయింది. అంతకుముందు తెగ నాయకుడి బలమంటే అతని భూమిపై ఉండే మనుషులే. కబురు పెడితే కత్తి పట్టుకుని వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటే అంత గొప్ప. కలోడెన్ తర్వాత నాయకుల న్యాయాధికారాలు రద్దయ్యాయి, సొంత సైన్యాలకు కాలం చెల్లింది. మిగిలింది భూమి ఒక్కటే. లండన్, ఎడిన్‌బరోల్లో దొరల్లా బతకడానికి డబ్బు కావాలి. మనుషులకన్నా గొర్రెలే ఎక్కువ కౌలు తెచ్చిపెడతాయని లెక్క తేలింది. తాతల కాలం నుంచి ఆ లోయల్లో సేద్యం చేసుకుంటున్న కుటుంబాల దగ్గర భూమి హక్కు పత్రమేదీ లేదు. భూమి తెగ మొత్తానిదని వారి నమ్మకం. అది నాయకుడి ఆస్తి అని కోర్టుల మాట.

దీనికి బాగా పేరుపడ్డ ఉదాహరణ ఉత్తరాన సదర్లాండ్ ఎస్టేట్. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఎస్టేట్ అధికారి పాట్రిక్ సెల్లర్ మనుషులు ఇళ్ల కప్పులు పీకి నిప్పు పెట్టారు. తిరిగి వచ్చి కాపురం పెట్టకుండా ఉండాలంటే దూలాలు కాలిపోవాలి. చెట్లు అరుదైన ఆ ప్రాంతంలో ఇంటి దూలమే పెద్ద ఆస్తి. మంచాన ఉన్న ఒక వృద్ధురాలి మరణానికి కారకుడన్న అభియోగంపై సెల్లర్‌ను 1816లో విచారించారు. జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. 1819లో మరో విడత. ఆ రాత్రి గుట్టెక్కి చూస్తే మండుతున్న ఇళ్లు 250 లెక్కకు వచ్చాయని ఆ లోయకే చెందిన రాతిపని మేస్త్రీ డొనాల్డ్ మెక్లాయిడ్ తర్వాత రాశాడు. ఖాళీ అయిన రోసల్ అనే ఊళ్లో దాదాపు 70 కట్టడాల పునాదులు ఇప్పటికీ గడ్డిలో కనిపిస్తాయి.

అదే ఎస్టేట్ యజమానుల నివాసం డన్‌రాబిన్ కోట. 1835 తర్వాత దాన్ని 189 గదుల మహాసౌధంగా విస్తరించారు. ఆ పనికి పిలిపించింది లండన్ పార్లమెంటు భవనానికి రూపకల్పన చేసిన ఛార్లెస్ బ్యారీని. పర్యాటకులు మెచ్చుకునే ఆ శిఖరాలు, తోటలు ఆ కాలానివే. కోట వద్ద టికెట్ కొనేవారికి రోసల్ ఎక్కడుందో తెలిసే అవకాశం తక్కువ.

హైలాండ్ మండలి పరిధిలో నేడు చదరపు కిలోమీటరుకు పది మంది కూడా లేరు. వానలు అంతంత మాత్రంగా పడే కడప జిల్లాలోనే 2011 లెక్కల ప్రకారం 188 మంది ఉన్నారు. అలాగని ఈ ఖాళీకి గెంటివేతలు ఒక్కటే కారణమనడం సరికాదు. నేల పలచన, పంటకాలం చిన్నది. 1846 నుంచి బంగాళాదుంప పంటను తెగులు తినేసింది. కెనడాలో భూమి దొరుకుతుందని ఇష్టపడి ఓడెక్కినవారూ ఉన్నారు. కరవులో కౌలుదార్లకు తిండి పెట్టి అప్పులపాలైన భూస్వాములూ ఉన్నారు. ఎవరు వెళ్లారు, ఎవరిని వెళ్లగొట్టారు అన్నదానిపై చరిత్రకారుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. అయితే కొండలు బోడిగా ఉండటం ప్రకృతి నిర్ణయం మాత్రమే కాదన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. మొదట గొర్రెలు, తర్వాత ధనికుల వేట కోసం పెంచిన జింకలు మొలకను చెట్టు కానివ్వలేదు.

ఇక్కడే కథ భారతదేశం వైపు మళ్లుతుంది. హైలాండ్స్ తూర్పు తీరంలోని ఫైరిష్ కొండపై విచిత్రమైన తోరణం ఒకటుంది. బక్సర్ యుద్ధ విజేత హెక్టర్ మన్రో 1780ల్లో కట్టించాడు. అది 1781లో ఆయన పట్టుకున్న తమిళనాడు తీరపు నాగపట్నం కోట ద్వారానికి నమూనా. స్థానికులకు పని కల్పించడానికే కట్టించాడని అక్కడివారు చెబుతారు. పశ్చిమాన లూయిస్ దీవిని 1844లో జేమ్స్ మాథెసన్ కొన్నాడు. స్టోర్నోవే రేవుకు ఎదురుగా లూస్ కోట కట్టించాడు. ఆ సొమ్ము చైనా వ్యాపారంలో సంపాదించింది. ఆ వ్యాపారంలో ప్రధాన సరుకు భారతదేశంలో పండిన నల్లమందు. 1850ల్లో ఆయన ఎస్టేటే రెండు వేల మందికి పైగా దీవివాసులను కెనడాకు ఓడెక్కించింది. వారిలో ఇష్టపడి వెళ్లినవారూ, వెళ్లక తప్పనివారూ ఉన్నారు.

అదే స్టోర్నోవేలో 1754లో పుట్టినవాడు కాలిన్ మెకంజీ. ఆంధ్ర చరిత్ర చదివినవారికి పరిచయం అక్కర్లేని పేరు. ఏలూరుకు చెందిన కావలి సోదరుల సాయంతో ఆయన ఊరూరా సేకరింపజేసిన కైఫియ్యతులు లేకపోతే తెలుగు గ్రామాల చరిత్ర సగం చీకట్లోనే ఉండేది. గ్లాస్గోలో 1761లో పుట్టిన థామస్ మన్రో సంగతి సీమవాసులకు మరీ దగ్గర. దత్త మండలాల కలెక్టరుగా జమీందారును మధ్యలో పెట్టకుండా రైతు పేరు మీదే పన్ను కట్టించుకున్నాడు. ఆ పన్ను భారం తక్కువేమీ కాదు. దాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేస్తే మద్రాసు ప్రభుత్వం అప్పుడు ఒప్పుకోలేదు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. కడప, బళ్లారి రైతు పేరు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కిన కొద్ది ఏళ్లకే స్ట్రాత్‌నేవర్ రైతు పేరు కౌలు పుస్తకంలోంచి చెరిగిపోయింది.

ఆ చెరిగిన పేర్లను మళ్లీ కాగితం మీదికి తెచ్చిన మనిషి కూడా మద్రాసు నుంచి వెళ్లినవాడే. ఫ్రాన్సిస్ నేపియర్ 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరు. 1866లో గంజాంను కరవు కాటేసినప్పుడు ఆ పదవిలో ఉన్నది ఆయనే. చెన్నైలో నేపియర్ వంతెన, తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం ఆయన పేరు మీదున్నవే. స్కై దీవిలోని బ్రేస్ వద్ద 1882 ఏప్రిల్‌లో కౌలు రైతులకూ, గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసులకూ మధ్య కొట్లాట జరిగింది. ఆడవాళ్లు రాళ్లతో పోలీసులను ఎదుర్కొన్నారు. గొడవ ముదరడంతో లండన్ ప్రభుత్వం మరుసటి ఏడాది నేపియర్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. 1883 మే 8న తొలి విచారణ ఆ బ్రేస్‌లోనే.

మొదటి సాక్షి ఆంగస్ స్టువర్ట్ అనే రైతు. మాట్లాడింది తన భాష గేలిక్‌లో. కష్టాలేమిటో చెప్పమంటే, నిజం చెప్పినందుకు తన భూమి నుంచి వెళ్లగొట్టబోమని ముందు హామీ ఇవ్వాలన్నాడు. అలా వెళ్లగొట్టడం తను కళ్లారా చూశానన్నాడు. సంఘానికి అలాంటి హామీ ఇచ్చే అధికారం లేదు. చివరికి అక్కడే ఉన్న ఎస్టేట్ అధికారి మాట ఇచ్చాకే స్టువర్ట్ నోరు విప్పాడు. ఆ తర్వాత ఊరూరా తిరిగిన సంఘం ముందు ఏడు వందలమందికి పైగా సాక్ష్యం చెప్పారు. ఎవరి పచ్చిక ఎప్పుడు పోయింది, కౌలు ఎన్నిసార్లు పెరిగింది, ఏ ఊరి నుంచి ఎన్ని కుటుంబాలు లేచిపోయాయి, అన్నీ ప్రశ్న, జవాబు రూపంలో అచ్చయ్యాయి. ఒకరకంగా అవి హైలాండ్స్ కైఫియ్యతులు. ఊరిని ఉమ్మడి సంస్థగా చట్టం గుర్తించాలని నేపియర్ సూచించాడు. పార్లమెంటు అంతదూరం వెళ్లలేదు. కానీ 1886 చట్టంతో చిన్న కౌలుదారుకు సరసమైన కౌలు, కారణం లేకుండా తొలగించకుండా రక్షణ, వారసత్వ హక్కు దక్కాయి.

ఆ చట్టం ఆలస్యంగా వచ్చింది. స్ట్రాత్‌నేవర్ వెనక్కి రాలేదు. అయినా దారి అక్కడితో ఆగలేదు. 1997లో ఎగ్ దీవి వాసులు విరాళాలు పోగుచేసి తమ దీవిని తామే కొనుక్కున్నారు. 2003లో స్కాట్లాండ్ పార్లమెంటు భూసంస్కరణల చట్టం చేసింది. భూమి అమ్మకానికి వచ్చినప్పుడు ముందుగా కొనే అవకాశాన్ని స్థానిక సమాజాలకు కల్పించింది. బాధ్యతగా మసలుకుంటే చాలు, భూమి ఎవరిదైనా దాని మీదుగా నడిచే హక్కును అందరికీ ఇచ్చింది. బస్సు దిగిన తెలుగు విద్యార్థి ఎవరినీ అడగకుండా కొండెక్కగలగడం ఈ చట్టం చలవే. ఎవరినో దింపేసిన కొండల మీద ఎవరైనా తిరగొచ్చని చెప్పడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

కోటలు చూడొద్దని దీని అర్థం కాదు. స్టిర్లింగ్ రాజభవనం నిజంగానే చూడదగ్గది. అర్కర్ట్ బురుజు పై నుంచి నెస్ సరస్సు చూడటం జీవితాంతం గుర్తుండే అనుభవమే. జేబు చూసుకుని బతికే విద్యార్థికి ఒక్క రోజు కులాసాగా గడపడం విలాసమూ కాదు. కావాల్సిందల్లా ప్రయాణంలో ఒక చిన్న మార్పు. ఇన్వర్నెస్ వెళ్లే పెద్ద రోడ్డు పక్కనే న్యూటన్‌మోర్‌లో హైలాండ్ జానపద మ్యూజియం ఉంది. 1700ల నాటి ఊరిని అక్కడ మళ్లీ కట్టి చూపిస్తారు. మట్టిపెళ్లల గోడలు, గడ్డి కప్పు, నడింట్లో పొయ్యి, పక్కనే పశువుల కొట్టం. చలికాలంలో మూసేస్తారు కనుక అక్టోబర్ దాటకముందే వెళ్లాలి. తెలుగు పల్లె నుంచి వెళ్లినవారికి ఆ ఇల్లు ఏ కోటకన్నా త్వరగా అర్థమవుతుంది. కోటకు ముందు అది చూస్తే, తర్వాత కనిపించే ప్రతి ఖాళీ లోయలోనూ ఆ ఇల్లు ఎక్కడ ఉండేదోనని కళ్లు వెతుకుతాయి.

ఒకసారి అలవాటైన ఆ చూపు విమానంతోపాటు ఇంటికీ వస్తుంది. గండికోటలో గైడ్ పాలకుల పేర్లు చెబుతాడు. శ్రీశైలం ఆనకట్ట మీద ఇంజినీర్లు నీటిమట్టం చెబుతారు. ఆ నీటి అడుగున ఏ ఊళ్లున్నాయో, అక్కడివారు ఎక్కడికి వెళ్లారో చెప్పే బోర్డు కోసం వెతకాల్సిందే. బ్రేస్ రైతు అడిగిన హామీ ఇవ్వగలిగినచోటే ఆ లెక్క చెప్పేవాళ్లు ముందుకొస్తారు.