ఆ తెర మీద దుప్పటి ఎందుకుంది?

మీ ఊరి సర్కారు బడికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?

ఓటెయ్యడానికి కాదు. బడి చూడ్డానికి.

గుర్తు రావడం లేదు కదూ? నేనూ పదకొండేళ్ళు వెళ్ళలేదు. మొన్న వెళ్ళాను. ఏడో తరగతి గదిలో గోడకి పెద్ద డిజిటల్ తెర. దాని మీద పూల దుప్పటి. దుమ్ము పడకుండా టీచరు తన ఇంటి నుంచి తెచ్చి కప్పింది. మూడు నెలల క్రితం ఒక ఉరుముల రాత్రి ఆ తెర పోయింది. ఆమె ఫిర్యాదు పెట్టింది. నంబరు వచ్చింది. మనిషి రాలేదు.

ఆ ఫిర్యాదు నంబరు నల్లబల్ల మూల సుద్దతో రాసి ఉంది. ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే చెప్పాలని. చుట్టూ గీత గీసి ‘చెరపరాదు’ అని కూడా రాసింది.

పిల్లలు చెరపలేదు. మూడు నెలలుగా.

ఆ తెర మీద వాళ్ళు ఆఖరుసారి చూసింది గుండె పాఠం. రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్తుందో కదులుతూ కనిపిస్తుంటే పిల్లలు కిక్కురుమనలేదని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడాల్సింది మీరు. ఇప్పుడు మళ్ళీ సుద్దముక్కతో గుండె గీస్తోంది. అదీ, గీసే టైముంటే.

టైమెందుకు ఉండదంటారా?

పొద్దున్నే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోవాలి, సిగ్నల్ లేకపోతే వేపచెట్టు కిందికి, అక్కడా రాకపోతే మేడ మీదికి పరిగెత్తాలి, తర్వాత పిల్లల హాజరు, ఎంతమంది అన్నం తిన్నారు, గుడ్లు ఎన్నొచ్చాయి, వాటిలో ఎన్ని మురిగాయి, బూట్ల సైజులు, బ్యాగుల లెక్క, కూలికెళ్ళిన తల్లిని పిలిపించి వేలిముద్ర, ఆధార్‌లో ఒక పేరూ రిజిస్టర్‌లో ఇంకో పేరూ ఉన్న పిల్లాడికి అపార్ ఐడీ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య, పరీక్ష పెట్టగానే ఒక్కో పిల్లాడికి ఒక్కో ప్రశ్నకి వచ్చిన మార్కులు, సగం ఎక్కించాక సర్వర్ డౌన్, మళ్ళీ మొదటి నుంచి, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ‘మోస్ట్ అర్జంట్’, పొద్దునకల్లా పూర్తి చెయ్యని బళ్ళ పేర్లు ఎర్ర రంగులో, సంజాయిషీ ఇవ్వమని ఫోను, ఇదంతా ఆమె సొంత ఫోన్‌లో, ఆమె జీతంతో వేయించుకున్న డేటాతో, ఒక చేత్తో ఒకటో తరగతి పిల్ల ముక్కు తుడుస్తూ.

ఇందులో పాఠం ఎక్కడుంది?

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చదవండి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఇవి తప్ప చదువుకి సంబంధం లేని పనికి టీచరుని వాడకూడదు. ఇవన్నీ బడి పనులే కదా అంటారు. మురిగిన గుడ్లు లెక్కపెట్టడం ఏ సబ్జెక్టులోకి వస్తుంది?

ఇక ట్యాబ్‌ల సంగతి. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్‌లో వాటి పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి ఐదు లక్షలకు పైగా. వాటిలో పాఠాలు బైజూస్ కంపెనీవి. మీరూ టీవీలో చూశారు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు తిట్టారు. పార్టీని బట్టే రెండూ. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా విచారణకి వెళ్ళింది. అప్పుడైనా ఆ పాఠాలు ఏమవుతాయని మీలో ఎవరు అడిగారు? ట్యాబ్ పగిలిన పిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఎవరు కనుక్కున్నారు? ప్రభుత్వం మారింది. ఎవరిచ్చారన్న గొడవ మాత్రం అక్కడే ఉంది.

2023-24లో దేశంలో ఇంటర్నెట్ ఉన్న బళ్ళు 53.9 శాతం. బళ్ళ వివరాలు సేకరించే కేంద్రం యుడైస్ ప్లస్ లెక్క ఇది. ఉన్న బళ్ళను చూసి మురిసిపోదామా? లేని బళ్ళలో పిల్లలు లేరా?

టీచర్లకి టెక్నాలజీ రాదని మాత్రం అనకండి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కరోనాలో ఎవరు నేర్పారు వాళ్ళకి? ఫోన్లో పాఠం చెప్పారు, ఫోన్ లేని ఇంటికి వర్క్‌షీట్ పట్టుకుని నడిచి వెళ్ళారు. ఆ రోజుల్లో మీ పిల్లాడికి వారం తిరక్కుండా ల్యాప్‌టాప్ కొన్నారు మీరు. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె కూతురు ఎలా చదువుకుంటోందని అడిగారా?

శిక్షణ ఇస్తున్నాం కదా అంటారు అధికారులు. 2020 విద్యా విధానం ఏడాదికి కనీసం 50 గంటలు ఉండాలంది. గంటలు నిండుతున్నాయి. హాలు నిండా టీచర్లు, ముందు స్లైడ్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకం. మర్నాడు క్లాసులో వీడియో పెడితే ఎక్కడ ఆపాలో, ఆపి ఏం అడగాలో ఎవరు చెబుతారు? వెనక బెంచీలో కూర్చుని చూసి, బెల్లు కొట్టాక పక్కకి పిలిచి, “టీచర్, రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ముందు ఆపి, ఎందుకు వెళ్తోందని అడిగి చూడండి” అని చెప్పే మనిషి కావాలి. ఆ పని చెయ్యాల్సిన సీఆర్పీ, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్, వచ్చాడు. ఆయన చేతిలోనూ నింపాల్సిన ఫారాలే ఉన్నాయి.

ఇక హెడ్మాస్టరు. చిన్న రిపేరు చేయించాలన్నా పైకి రాసి ఎదురుచూడాల్సిన మనిషి. ఆయన బడిని మార్చలేదని ఏ నోటితో అంటారు?

మన సంగతి చూద్దాం. పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటాం. ఫ్లెక్సీ కట్టిస్తాం. ముసలి మాస్టారికి శాలువా కప్పుతాం, కాళ్ళకి దండం పెడతాం, కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఇరవై కూరలతో భోజనం. సెల్ఫీలు. ఆ గోడకి అవతలి గదిలో తెర మీద దుప్పటి ఉంది. ఒక్కరు ఎత్తి చూశారా? ఆ నంబరు రాసుకుని మండల విద్యాధికారి ఆఫీసు మెట్లెక్కారా? ఒక్కసారి?

మా పిల్లలు అక్కడ చదవడం లేదు కదా అనుకుంటున్నారు. తెలుసు.

మీరు చదివారు కదా?

నేను తిరిగి వస్తుంటే ఒక పిల్ల వరండాలోంచి పరిగెత్తుకొచ్చింది. చేతికి సుద్ద. నా భుజాన బ్యాగు చూసి ఆగింది.

“సార్, మీరు టీవీ బాగుచేసే సారా?”

కాదమ్మా అన్నాను.

“మరి ఆయనెప్పుడొస్తారు సార్?”

చెప్పండి. ఆ పిల్లకి ఏమని చెప్పను?