ఓడ పేరు కాదు, నంబరు చెప్పించండి

డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ గారికి,
ముంబయి



2025 ఏప్రిల్‌లో ఎస్తోనియా ఒక పాత చమురు ట్యాంకరును పట్టుకుంది. పేరు కివాలా. జెండా జిబూతీదన్నారు, ఆ ఓడ మా రిజిస్టరులోనే లేదని జిబూతీ తేల్చేసింది. సెప్టెంబరు నెలాఖరులో అదే ఓడ ఎక్కి ఫ్రాన్స్ సైనికులు తనిఖీ చేశారు. అప్పటికి దానికి పుష్ప అనీ బోరకాయ్ అనీ రెండు పేర్లు వినిపించాయి, జెండా బెనిన్‌కు మారింది.

పేరు మార్చడమే తప్పని నేననను. ఓడ అమ్ముడుపోతే కొన్నవాడు కొత్త పేరు పెట్టుకుంటాడు. జెండా మారితే వెనుక వైపు పేరు కింద రాసే రేవు పేరూ మారుతుంది. క్యునార్డ్ కంపెనీ 2011లో తన మూడు ఓడల మీద సౌతాంప్టన్ తీసేసి బెర్ముడాలోని హామిల్టన్ అని రాయించింది. కారణం పెళ్లిళ్లు! బ్రిటన్ చట్టం ఓడ మీద పెళ్లికి ఒప్పుకోదు, బెర్ముడా చట్టం ఒప్పుకుంటుంది.

కానీ జెండా మారితే ఓడలో పనిచేసేవాడికి వర్తించే చట్టమూ మారుతుంది. జీతం ఎగ్గొట్టినా, ఓనరు ఓడను వదిలేసిపోయినా ముందుగా ఏ దేశాన్ని అడగాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉన్న తల్లిదండ్రులకు తెలిసేది కొడుకు ఎక్కేముందు చెప్పిన ఓడ పేరొక్కటే. ఈలోగా పేరు మారి ఉంటే, ఫోను ఆగిపోయిన రోజున ఆ పేరుతో వెతికితే ఓడ దొరకదు.

దొరికే దారి ఒకటుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంవో) పేరిట ఓడకు వచ్చే ఏడంకెల ఐఎంవో నంబరు. పెద్ద ఓడలకు 1996 నుంచి అది తప్పనిసరి. 2004 నుంచి ఓడ ఒంటిమీదే చెరగకుండా రాయాలన్న నిబంధన వచ్చింది. పేరు, జెండా, ఓనరు ఎన్నిసార్లు మారినా అది మారదు. మన సీమన్‌కూ మీరిచ్చిన ఇండోస్ అనే గుర్తింపు నంబరుంది. ఈ రెంటినీ కలిపి, ఇంటివాళ్లు తెలుగులో చూసుకునేలా చేయడం మీ శాఖకు కష్టమైన పనేమీ కాదు.

ఓడల్లో పనికి మనుషుల్ని పంపే ఏజెంట్లకు లైసెన్సు ఇచ్చేది మీరే. కాబట్టి సీమన్ ఉద్యోగ ఒప్పందం మొదటి పేజీ నకలును, ఐఎంవో నంబరు పెద్దంకెల్లో ఉండేలా, అతని ఇంటికి అందించాలని వాళ్లకు షరతు పెట్టండి. ఒప్పందం మధ్యలో పేరుగానీ జెండాగానీ మారితే ఒక్కరోజులో ఇంటికి కబురు చేయాలి. కొత్త జెండా కింద పనిచేయడం ఇష్టంలేనివాడిని కంపెనీ ఖర్చుతో దింపి పంపాలి. ఇవి చేయని ఏజెంటుకు లైసెన్సు పొడిగించకండి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర తీరవాసి