సైకిలు కొనేముందు మోకాలిని అడగండి

విజయవాడ నుంచి ఒక పాఠకుడు ఇలా వ్రాశారు:

"నా వయస్సు 48. మొన్న రక్తపరీక్షలో షుగరు వున్నట్టు బయటపడింది. డాక్టరుగారు మాత్రలు వ్రాసి, రోజూ వ్యాయామం చెయ్యమన్నారు. మా ఆఫీసు ఇంటికి నాలుగు కిలోమీటర్లు. స్కూటరు మానేసి సైకిలు మీద వెళ్దామని వుంది. ఇంటరు చదివే మా అబ్బాయి, 'ఇద్దరం ఒకటే వాడుకుందాం, ఫిక్సీ కొను నాన్నా, దానికి గేర్లుండవు, బ్రేకులు కూడా అక్కర్లేదు' అంటున్నాడు. నాకు మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు కొంచెం నొప్పిపెడుతుంది. నేను సైకిలు తొక్కవచ్చునా? తొక్కితే ఎటువంటిది కొనాలి?"

నిక్షేపంగా తొక్కవచ్చు. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ వొంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువు చాలావరకు సీటు మోస్తుంది. అందుచేత కొద్దిపాటి మోకాలి నొప్పి వున్నవారికి సైకిలు నడక కంటే సుఖంగానే వుంటుంది. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు కదలకపోయినా మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.

గేర్లు లేని సైకిలు కొనాలన్న ఆలోచన కూడా మంచిదే. మన తండ్రులూ తాతలూ జీవితమంతా తొక్కిన నల్ల సైకిలు అదే. ఇప్పుడు దానికి 'సింగిల్ స్పీడ్' అని పేరు పెట్టి, రంగులు వేసి అమ్ముతున్నారు. చెడిపోయే భాగాలు తక్కువ, వీధి చివర మేస్త్రీ బాగుచెయ్యగలడు. విశాఖపట్నంలాగా ఎత్తుపల్లాల వూరయితే గేర్లు పెట్టించుకోమనేవాణ్ణి. మీ వూళ్ళో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కుతానంటే తప్ప గేర్లతో పెద్దగా పనిలేదు. వంతెన వస్తే దిగి నడిపించుకు వెళ్ళండి, అందులో నామోషీ ఏమీ లేదు.

అయితే సింగిల్ స్పీడ్ వేరు, ఫిక్సీ వేరు. మామూలు సైకిలుకు వెనక ఫ్రీవీలు వుంటుంది. మీరు కాళ్ళు ఆపినా చక్రం కిటకిటమంటూ తన దారిన తిరుగుతుంది. ఫిక్సీలో వెనక పళ్ళ బిళ్ళ చక్రానికి గట్టిగా బిగించి వుంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగవలసిందే, మీ కాళ్ళూ తిరగవలసిందే. స్పీడు బ్రేకరు వచ్చినా, మలుపులో పెడలు నేలకు తగలబోతున్నా కాళ్ళు ఆపటానికి వీల్లేదు. బ్రేకులు లేకపోతే పెడలును వెనక్కి అదిమి బండి ఆపాలి. ఆ తాకిడి అంతా మోకాళ్ళ మీద పడుతుంది. పైగా ఆగేది వెనక చక్రం ఒక్కటే కాబట్టి బండి చాలా దూరం పోయి ఆగుతుంది.

ఇది పందేల కోసం పుట్టిన సైకిలు. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ వంటి చోట, అందరూ ఒకే దిక్కుగా పోయేచోట, అది బ్రేకులు లేకుండా తిరుగుతుంది. బీసెంట్ రోడ్డులో ఆటోలూ ఆవులూ తోపుడు బళ్ళూ ఒకే దిక్కుగా పోవు గదా!

ఇంకో ప్రమాదం సైకిలు ఎక్కకముందే వుంది. కొన్నేళ్ళ క్రితం నేను క్యాజువాల్టీ డ్యూటీలో వుండగా పద్ధెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. ఇంట్లో ఫిక్సీని తలకిందులుగా పెట్టి, చక్రం తిప్పి, గుడ్డతో చెయిను తుడుస్తున్నాడట. గుడ్డతోపాటు ఉంగరపు వేలు పళ్ళ మధ్యకు పోయింది. ఫ్రీవీలు బండి అయితే చక్రం తిరుగుతున్నా చెయిను కదలదు. ఇక్కడ చక్రం ఊపు మొత్తం చెయినుకు చేరుతుంది. గోరుతో సహా వేలి కొస తెగిపోయింది. పాపం, తండ్రి తెలివిగానే ఆ ముక్కను వెతికి తెచ్చాడు గాని, ఐసు ముక్కల మధ్య నేరుగా వేసి తెచ్చాడు. పెద్దాసుపత్రికి పంపించాం. అతకలేదు.

ఈ సంగతి సైకిలు లేనివారూ గుర్తుపెట్టుకోవాలి. తెగిన భాగాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలి. ఐసు నేరుగా తగిలితే మాంసం చచ్చిపోతుంది. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి వుంచి, వెంటనే బయలుదేరాలి.

మీ అబ్బాయి మనస్సు ఆ బండి మీదే వుంటే మధ్యేమార్గం ఒకటి చెబుతాను. వెనక చక్రానికి ఒకవైపు బిగించిన బిళ్ళ, రెండోవైపు ఫ్రీవీలు వుండే బళ్ళు దొరుకుతాయి. చక్రం విప్పి తిప్పి పెడితే సరి. అది కొని ఫ్రీవీలు వైపే బిగించమనండి. ముందూ వెనకా రెండు బ్రేకులూ వుండి తీరాలి. బ్రేకు బిగించే చోటే లేని ఫ్రేము ఎంత అందంగా వున్నా కొనకండి.

ఇప్పుడు మీ మోకాలి సంగతి. షాపులో అందరూ రంగు అడుగుతారు, కంపెనీ అడుగుతారు. పళ్ళు ఎన్ని అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. మన మామూలు సైకిలుకు సాధారణంగా ముందు చక్రబిళ్ళకు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు వుంటాయి. 28 అంగుళాల చక్రంతో పెడలు ఒక చుట్టు తిప్పితే బండి సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే నిమిషానికి 46 చుట్లు చాలు. చుట్లు తక్కువే గాని ప్రతి చుట్టుకూ బలంగా తొక్కాలి. అదే వెనక 22 పళ్ళ ఫ్రీవీలు వేయిస్తే చుట్టుకు నాలుగున్నర మీటర్లే పోతుంది, అదే వేగానికి నిమిషానికి 56 చుట్లు తిప్పాలి. కాళ్ళు చురుకుగా తిరుగుతాయి, మోకాలి మీద వొత్తిడి తగ్గుతుంది. మార్చటానికి మేస్త్రీకి పెద్ద పనేమీ కాదు, చెయిను ఒకటి రెండు లింకులు పెంచవలసి రావచ్చు. మీరు 22 పళ్ళదే వేయించండి. అబ్బాయి 'బండి పరుగెత్తటం లేదు' అని సణుగుతాడు, సణగనివ్వండి.

తరువాత ఎత్తు. పై బారుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నేల మీద నిలబడితే బారుకూ మీకూ మధ్య రెండంగుళాలయినా ఖాళీ వుండాలి. మన ఇళ్ళలో పిల్లవాడు ఎదుగుతాడు గదా అని చొక్కా కొన్నట్టు పెద్ద సైకిలు కొంటారు. చొక్కా వదులయితే నష్టం లేదు. సైకిలు పెద్దదయితే ఆపినప్పుడు కాలు అందక పడతాడు.

సీటు ఎత్తు విషయంలో నేనే తప్పుచేశాను, దాచుకోవటమెందుకు. ఆరేళ్ళ క్రితం కొత్త సైకిలు కొని, రెండు పాదాలూ నేలకు ఆనేటట్టు సీటు కిందకు దించుకున్నాను. పడిపోతానేమోనని భయం. నెల తిరిగేసరికి మోకాటి చిప్ప చుట్టూ ఒకటే నొప్పి. వయస్సు వచ్చింది, అరుగుదల అనుకుని మాత్రలు మింగాను. చివరికి మా సైకిలు షాపు మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "సీటు పైకెత్తండి సార్, కప్పలాగా తొక్కుతున్నారు" అని పానా తీశాడు. రెండంగుళాలు ఎత్తాడు. మూడు వారాల్లో నొప్పి పోయింది. ఫీజు కూడా పుచ్చుకోలేదు.

కొలత ఇది: గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడలు అడుక్కు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందుభాగం పెడతారు కాబట్టి మోకాలు కొద్దిగా వంగి వుంటుంది. అంతే కావాలి. మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు తక్కువైందనీ, వెనకవైపు లాగితే ఎక్కువైందనీ అనుమానించండి. మీరిద్దరూ ఒకే బండి వాడతారు కాబట్టి సీటు గొట్టం మీద అమ్మగారి గోళ్ళ రంగుతో రెండు గీతలు గీయండి. ఎక్కేముందు ఎవరి గీతకు వారు సర్దుకోవచ్చు. బద్ధకించి అబ్బాయి గీత మీద మీరు తొక్కితే నాకు మళ్ళీ వుత్తరం వ్రాయవలసి వస్తుంది.

సీటు వెడల్పుగా వుండాలి గాని దూదిపరుపులాగా మెత్తగా వుండకూడదు. పిరుదుల ఎముకలు దాని మీద ఆనాలి. ముక్కు పైకి లేస్తే తొడల సందున నరాలు నొక్కుకుని తిమ్మిరి వస్తుంది. మగవారు ఈ తిమ్మిరి చెప్పుకోవటానికి సిగ్గుపడతారు. సీటును సమంగా దించితే సాధారణంగా పోతుంది, పోకపోతే చూపించుకోవాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నొక్కుకుంటున్నదన్నమాట. హ్యాండిలు కొంచెం ఎత్తించండి. వంగి తొక్కే పందెం హ్యాండిలు ఆఫీసుకు పోయేవారికి అనవసరం.

సామాన్లలో చెయిను కవరు, మడ్‌గార్డులు, బెల్లు, స్టాండు వద్దనకండి. చెయిను కవరు లేకపోతే ప్యాంటు, పంచె, చున్నీ ఏదో ఒకటి చెయినులో పడుతుంది. ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, ఎర్ర అద్దం తప్పనిసరి. ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు, అల్యూమినియం రిమ్ము నయం. ఏదయినా వర్షంలో ముందుగానే నొక్కటం మొదలుపెట్టండి. హెల్మెట్టు ఇద్దరికీ వేరువేరుగా కొనండి. తల కొలతలు ఒకటి కావు.

క్యారియరు పెట్టిస్తే వెనక చక్రానికి పక్కన జాలీ కూడా పెట్టించండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. వెనక కూర్చున్న చిన్నపిల్లల కాలు చువ్వల్లో పడటం నా సర్వీసులో లెక్కలేనన్ని సార్లు చూశాను. అప్పుడు చక్రాన్ని ముందుకు తిప్పకూడదు. మెల్లగా వెనక్కి తిప్పాలి, రాకపోతే చువ్వలు కత్తిరించాలి. మడమ దగ్గర చర్మం మొదటి రోజు బాగానే వున్నట్టు కనిపించి, మూడో నాలుగో రోజు నల్లబడి వూడిపోతుంది. కాబట్టి చిన్న గాయమేనని కాఫీపొడి అద్ది ఇంట్లో వుంచకండి. మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి, ఆసుపత్రికి తీసుకురండి.

ఇక మీ షుగరు. రాకపోకలు కలిపి ఎనిమిది కిలోమీటర్లు, సుమారు అరగంట. వారానికి అయిదు రోజులయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన 150 నిమిషాల కనీసపు లెక్క మీకు సరిపోతుంది. మొదటి వారం ఒకపూటే తొక్కండి. మీరు వేసుకునే మాత్రలు షుగరును మరీ దించే రకమా అని మీ డాక్టరుగారిని అడగండి. అవునంటే ఖాళీ కడుపుతో బయలుదేరకండి, జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం వుంచుకోండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగటం వస్తే దిగి, నోట్లో వేసుకుని పావుగంట కూర్చోండి. చెప్పులు వద్దు, మూసివున్న బూట్లు వేసుకోండి. ఇంటికి వచ్చాక అరికాళ్ళు చూసుకోండి. తొక్కుతుంటే గుండెల్లో బరువుగా వుండి, ఆగితే తగ్గితే, మర్నాడు సైకిలు తియ్యకుండా ముందు ఇ.సి.జి. తీయించుకోండి.

నెల తరువాత కూడా మోకాలి నొప్పి తగ్గకపోతే మీ దగ్గరలోని ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ సైకిలు మీదే వెళ్ళండి, సీటు ఎక్కడ వుందో ఆయన కూడా చూస్తారు.