నాన్న నిద్ర మీద ప్రాజెక్టు!

భూపాలపల్లిలో ఓ సింగరేణి కార్మికుడి ఇల్లు అనుకుందాం. నైట్ షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చిన నాన్న నాలుగు ముద్దలు తిని మంచమెక్కాడు. ఇక ఇంట్లో అంతా గుసగుసలే. కుక్కర్ విజిల్ వేయకముందే అమ్మ స్టవ్ ఆపేస్తుంది. వీధిలో కూరగాయల బండి కేక వినిపిస్తే తమ్ముడు పరుగెత్తుకెళ్లి తలుపేస్తాడు. ఆ గుసగుసల మధ్యే కూర్చుని, డిగ్రీలో సైకాలజీ చదువుతున్న కూతురు ప్రాజెక్టుకి శీర్షిక రాసుకుంది... ‘యువతపై సోషల్ మీడియా ప్రభావం’ అని!

తప్పేం కాదు. కానీ ఏ కాలేజీలో చూసినా అదే శీర్షిక. పైగా ‘యువత’ అంటే ఎవరు, ‘ప్రభావం’ అంటే దేనిమీద అని గైడ్ అడిగితే జవాబుండదు. అసలు అంశం పక్క గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంది మరి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాల కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ వరంగల్ జిల్లాలోవే. డిగ్రీ కాలేజీలకు మాత్రం ఇప్పటికీ పెద్దదిక్కు 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమే. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులొచ్చినవారు ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ ఎంచుకోవచ్చు. అందులో పరిశోధన వ్యాసానికే 12 క్రెడిట్లు. మూడేళ్ల డిగ్రీలో చేసే ప్రాజెక్టు ఇంతకంటే చిన్నది. చిన్నదైనా, పెద్దదైనా ముందు ఒక ప్రశ్న కావాలి. ‘షిఫ్టులు మారే కార్మికులకు, పగలే పనిచేసేవారికి నిద్రలో తేడా ఉందా?’... ఇదీ ప్రశ్నంటే!

ఎంతమందిని అడగాలన్నది తర్వాతి చిక్కు. ‘వందమంది’ అని రాసేయడం మన దగ్గర ఆనవాయితీ. అమెరికన్ మనస్తత్వ గణాంక నిపుణుడు జాకబ్ కోహెన్ 1992లో ఇచ్చిన పట్టిక చూస్తే, రెండు గుంపుల మధ్య ఓ మోస్తరు తేడా ఉంటే దాన్ని పట్టుకోవడానికి గుంపుకి 64 మంది చొప్పున కావాలి. రెండు విషయాల మధ్య సంబంధం చూడాలంటే 85 మంది. పదిహేనుమందిని అడిగి ‘తేడా లేదు’ అని తేల్చేస్తే, తేడా నిజంగానే లేదా, మన వల కంతలు పెద్దవా అన్నది తెలియదు.

ఇక ప్రశ్నావళి. నిద్ర మీద పరిశోధన అనగానే చాలామంది తీసేది 1989లో వచ్చిన పిట్స్‌బర్గ్ సూచిక. గడిచిన నెలరోజుల్లో ‘మామూలుగా రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?’ అని మొదలవుతుంది. వారం వారం షిఫ్టు మారే మనిషిని ఆ మాట అడిగితే ఏం చెబుతాడు? ఆయనకి మూడు జవాబులున్నాయి... కాగితంలో గడి మాత్రం ఒకటే. అందుకే ఇలాంటివారితో మూడు షిఫ్టులూ ఓ చుట్టు తిరిగేదాకా, ఎప్పుడు పడుకున్నదీ ఎప్పుడు లేచిందీ రోజూ రాయించడం మేలు. అది మూడు వారాల పని. సెమిస్టర్ సగమయ్యాక గుర్తొస్తే కుదరదు.

పగటిపూట తూగు కొలవడానికి 1991 నాటి ఎప్‌వర్త్ స్కేలుంది. ఎనిమిది సందర్భాలు చెప్పి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయమంటుంది. అందులో ‘గంటసేపు కారులో ప్రయాణిస్తున్నప్పుడు’ అని ఒకటి. పరకాల బస్సులో నిలబడి వెళ్లే మనిషికి కారు సంగతి ఎందుకని, దాన్ని ‘బస్సు’గా మార్చాలనిపిస్తుంది. మార్చవచ్చు. అయితే మార్చినట్టు నివేదికలో రాయాలి. మార్చాక అది అసలు స్కేలు కాదు కాబట్టి పాత ప్రమాణాలతో నేరుగా పోల్చకూడదు. స్కేలు వాడటానికి అనుమతి కావాలేమో ముందే చూసుకోవాలి కూడా.

అనువాదంలో ఇంకో గమ్మత్తు. ‘కునుకు పట్టే అవకాశం ఎంత?’ అని రాస్తే, ‘డ్యూటీల అవకాశం ఎక్కడిది బిడ్డా!’ అనొచ్చు ఎవరైనా. ఇంగ్లిషులో ఉన్నది సంభావ్యత... తెలుగులో వినిపించింది వెసులుబాటు! ‘కునుకు పట్టొచ్చా?’ అంటే సరిపోయేది. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ఈ చిక్కు గురించే రాశాడు. ఒకరు తెలుగు చేశాక, అసలు ప్రతి చూడని మరొకరితో దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి మార్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంగ్లిషు లెక్చరర్ ఓ సాయంత్రం కేటాయిస్తే పనైపోతుంది.

మహబూబాబాద్ తండాల్లో చేసేవారికి ఇది సరిపోదు. లంబాడీకి సొంత లిపి లేదు. పెద్దవాళ్లకి చదివి వినిపించాల్సిందే. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా అయిదు మెట్లు నోటితో చెబితే ఎవరికి గుర్తుంటాయి? హాడ్లీ కాంట్రిల్ 1965లో ప్రచురించిన అధ్యయనంలో వాడిన నిచ్చెన ఇక్కడ పనికొస్తుంది. అడుగున సున్నా, పైన పది. ‘మీ బతుకు ఏ మెట్టు మీదుంది?’ అని బొమ్మ చూపించి అడగడమే. జనగామ నుంచి రోజూ రైల్లో సికింద్రాబాద్ వెళ్లొచ్చే ఉద్యోగుల మీద చేసేవారికి ఈ బాధ లేదు. వాళ్లకి చదువుంది, బోలెడు సమయం కూడా... సీటు దొరికితే!

మళ్లీ భూపాలపల్లికొద్దాం. అసలు గండం అక్కడుంది. ప్రశ్నలన్నీ తయారయ్యాక కూతురు మొదట నాన్నకి చదివి వినిపించిందనుకోండి. ఆయన అనే మాట ఏమిటి? ‘డ్యూటీల కన్నంటుకుంటదా అని అడిగితె ఎవడన్న అంటుకుంటదంటడా? ఆ కాయిదం ఆఫీసుల వడితె నౌకరి ఉంటదా?’

నిజమే కదా. గనిలో కునుకు అంటే మార్కుల సంగతి కాదు, ప్రాణం సంగతి. ఉద్యోగం సంగతి కూడా. పేరు రాయకపోతే చాలనుకుంటారు చాలామంది. చాలదు. ‘ఫలానా గని, 54 ఏళ్లు, పంపు ఆపరేటర్’ అని మూడు ముక్కలుంటే చాలు, ఆ మనిషెవరో కాలనీ అంతటికీ తెలిసిపోతుంది. అందుకని గని పేరు ఉండకూడదు. వయసు పదేళ్ల వరుసల్లో రాయాలి. సంతకాలున్న అంగీకార పత్రం ఒక సంచిలో, జవాబులు మరో సంచిలో ఉండాలి. సూపర్‌వైజర్‌తో చెప్పించి అడిగిస్తే అది ఒప్పుకోలు కాదు, హుకుం. మధ్యలో వద్దనుకుంటే లేచిపోవచ్చని ముందే చెప్పాలి. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల సారమూ ఇదే. పద్దెనిమిదేళ్లు నిండని ఇంటర్ పిల్లల్ని అడగాలంటే వాళ్ల ఇష్టంతోపాటు తల్లిదండ్రుల అనుమతీ కావాలి.

నిద్రతోపాటు దిగులు కూడా కొలుద్దామని తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ జతచేసేవారుంటారు. దాని తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఎవరైనా ‘దాదాపు రోజూ’ అని టిక్కు పెడితే? ఆ కాగితాన్ని కట్టలో పెట్టేసి, నెల తర్వాత కంప్యూటర్‌లో ‘3’ అని కొట్టడం... చాలా ఘోరం. ఎవరికి చెప్పాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది గైడ్‌తో ముందే తేల్చుకోవాలి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ప్రతి ప్రశ్నావళి మీదా ఉండాలి. ఆ ఏర్పాటు చేయలేని విద్యార్థి ఆ ప్రశ్నావళి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రాయడం ఇంత కష్టం కాదు. ఎలా చేశామన్న ‘పద్ధతి’ అధ్యాయం ముందు రాసేయాలి, అన్నీ గుర్తుండగానే. తర్వాత ఫలితాలు, ఆపైన చర్చ. పరిచయం చివర్లో, సారాంశం అన్నింటికంటే చివర. లెక్కలకి జమోవి, జాస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. పాత పరిశోధనలకి శోధ్‌గంగ ఉంది. జిరాక్స్ సెంటర్‌లో దొరికే సీనియర్ల ప్రాజెక్టుకి అట్ట మార్చే రోజులు పోయాయి. పీజీ, పరిశోధన డిగ్రీల సిద్ధాంత వ్యాసాల్లోనైతే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే చర్యలుంటాయి. తేడా కనిపించకపోతే కనిపించలేదనే రాయాలి. దానికి మార్కులు తగ్గవు, అంకెలు దిద్దితేనే తగ్గుతాయి.

ఇంతా చేసి నాన్న మాత్రం లెక్కలో ఉండడు. ప్రశ్నలు ముందే విన్నాడు, పైగా అడిగేది కూతురాయె! ఆయన షిఫ్టు స్నేహితులుంటారు. యాభై పేజీల ఇంగ్లిషు నివేదిక యూనివర్సిటీకి వెళ్లాక, ఏం తేలిందో తెలుగులో ఒక్క పేజీ రాసి వాళ్లకివ్వాలి. డ్యూటీకి వెళ్తూ టీ కొట్టు దగ్గర నిలబడి చదివేంత పేజీ.