సన్‌స్క్రీన్ లేపనము: రుజువు భారమెవరిది?

వైశాఖమాసపు మధ్యాహ్నమున గాంధీనగరమునుండి చిక్కడపల్లి కేంద్రగ్రంథాలయమువరకు కాలినడకను పోయినవారికి మన నగరపుటెండ యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగపరీక్షలకై అశోకనగరమున చదువుకొను యువతీయువకులు ఆ యెండలోనే తిరుగుచున్నారు. వారిలో కొందరు ముఖమునకు సన్‌స్క్రీన్ లేపనము పూసికొనుట చూచి పెద్దలు విలాసమని నవ్వుదురు. ఆ నవ్వు తగదు. ప్రపంచారోగ్యసంస్థవారి లెక్కలో అతినీలలోహిత కిరణముల సూచి 11కు చేరెనేని అది మిక్కిలి ప్రమాదకరము. మన వేసవి మధ్యాహ్నములు ఆ మెట్టు నందుకొనుచున్నవి.

అయితే కాపాడు ద్రవ్యమే నిరపాయమైనదా యనునది వేరు ప్రశ్న. ఆక్సిబెంజోన్ కిరణములను తాను పీల్చుకొని చర్మమును కాపాడును. దాని శక్తిని మేము శంకించుట లేదు. కాని 2019లో అమెరికా ఔషధశాఖవారు 24 మందికి ఇట్టి లేపనములను దినమునకు నాలుగుమారులు పూయించి పరీక్షించిరి. రక్తమున మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాము దాటిన ద్రవ్యమును మరింత శోధింపవలయునని వారి నియమము. ఆక్సిబెంజోన్ మొదటి దినముననే ఆ మేరను మించినది.

రక్తమున చేరినంతమాత్రమున హాని కలిగెననరాదు. పూత మానుడని ఆ పరిశోధకులును చెప్పలేదు. అట్లని హాని లేదనుటకు అది సాక్ష్యమును గాదు. న్యాయస్థానమున ముద్దాయిని నిర్దోషిగా నెంచుట ధర్మము. అమ్మకపు సరకునకు ఆ హక్కు లేదు. నిరపాయమని రుజువు చేయు భారము తయారుచేసి లాభమందువానిదే గాని పూసికొను విద్యార్థిది గాదు. ఐరోపాసమాజమువారు 2022లో ముఖలేపనములందు దీనిని నూటికి 6 పాళ్లకును, దేహలేపనములందు 2.2 పాళ్లకును పరిమితము చేసిరి.

మన యంగళ్లలోని పెక్కు డబ్బాలపై ద్రవ్యముల పేళ్లున్నవి గాని పాళ్లు లేవు. పాలు తెలియక కొనువాడు మేలుకీడులను తూచుటెట్లు? 2020 నాటి సౌందర్యద్రవ్యముల నిబంధనలందు ఈ కట్టుబాటును చేర్పవలయునని మా కోరిక.

అంతవరకు సందేహము గలవారు జింక్ ఆక్సైడ్ గల లేపనమును కోరి కొనవచ్చును. 2019లో అమెరికావారు సురక్షితములని ప్రతిపాదించినవి అదియు, టైటానియం డయాక్సైడును మాత్రమే. డబ్బాపై ఎస్.పి.ఎఫ్. అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి కట్టినది; ఖరీదునకు వెరచి పలుచగా పూసినచో ఆ యంకె ఫలింపదు. గొడుగునకును నూలుబట్టకును ఇట్టి వివాదము లేదు. మొదట వానిని, పిమ్మట లేపనమును ఆశ్రయించుట వివేకము.