చీఁకటి నెలలు

మన యాంధ్రదేశమున శీతకాలమన్న నెవ్వరికిని దిగులు పుట్టదు. చిక్కుడుకాయలు, రేఁగుపండ్లు, ముంగిట ముగ్గులు, తెల్లవాఱుజామున భోగిమంటలు: ఇదియే మనకు శీతకాలము. చింతపల్లి మన్యమందలి లంబసింగికి మంచు చూచుటకై జనులు సొమ్ము వెచ్చించి పోవుచున్నారు. ఇట్టి దేశమునఁ బుట్టినవానితో నెవఁడైన “శీతకాలము వచ్చినది, మనసు క్రుంగుచున్నది” అని చెప్పినచో వాఁడు నవ్వును. నేనును నవ్వితిని. ఆ నవ్వు తప్పని తెలిసికొనుటకు నాకు కొంతకాలము పట్టినది.

మా యక్క కుమారుఁడు కొన్ని యేండ్ల క్రిందట స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమునకు చదువుకొఱకు వెళ్లెను. సెప్టెంబరు నెలలో దినదినమును ఫోను చేసి యచటి వంతెనలను గూర్చియు, రంగులు మాఱుచున్న యాకులను గూర్చియు చెప్పుచుండెడివాఁడు. నవంబరు వచ్చునప్పటికి వారమున కొకసారి యయ్యెను. డిసెంబరులో నదియు నిలిచెను. మేమే పిలిచినచో “లేవ బుద్ధి పుట్టుట లేదు, మామయ్యా. ఇచట పగలే లేదు” అనెను. “చదువఁబోయినవానికి ఎండతో నేమి పని? దీపము పెట్టుకొని చదువుకొమ్ము” అని నేనంటిని. ఇంటిలో నొకరు గర్వమనిరి. ఇంకొకరు సోమరితన మనిరి. మా యక్క మాత్రము మాటాడలేదు.

వాఁడు చెప్పినది అక్షరాల నిజము. డిసెంబరు మూఁడవ వారమున గ్లాస్గోలో సూర్యుఁడు ఉదయము సుమారు 8 గంటల 45 నిమిషములకు లేచి, మధ్యాహ్నము 3 గంటల 45 నిమిషములకే క్రుంకును. పగలు 7 గంటలు మాత్రమే. మన హైదరాబాదున సంవత్సరములోని మిక్కిలి చిన్న పగలైనను 11 గంటలకు తక్కువ కాదు. ఆ యేడు గంటలలోను తఱచుగా మబ్బు కప్పియుండును. కంటఁబడు ప్రాతఃకాలపు వెలుఁగు మెదడులోని గడియారమును దినదినము సరిదిద్దుచుండును. అది కొఱవడినపుడు కొందఱికి నిద్రయు, ఆఁకలియు, ఉత్సాహమును తాఱుమాఱగును. అచటనే పుట్టి పెరిగినవారిలోను కొందఱ కీ బాధ కలదు. 1984లో నార్మన్ రోజెంతాల్ అను వైద్యుఁడును, అతని తోడివారును అమెరికాలో దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా వర్ణించి పేరు పెట్టిరి. ఉదయమున అరగంటసేపు 10,000 లక్సుల తీవ్రమైన దీపము నెదుటఁ గూర్చుండఁబెట్టుట దీనికి వైద్యులు చేయు చికిత్సలలో నొకటి. కావున “దీపము పెట్టుకొమ్ము” అని నేను పరిహాసముగా నన్నమాట నాకు తెలియకయే సగము వైద్యమయినది! తక్కిన సగ మెక్కడ నున్నదో తెలిసికొనుటకు నేనొక పాతకథను చదువవలసి వచ్చెను.

1819లో విలియం ఎడ్వర్డు ప్యారీ యను ఆంగ్ల నావికుఁడు హెక్లా, గ్రైపర్ అను రెండు నౌకలతో ఉత్తరధ్రువ సముద్రమునకుఁ బోయి, మెల్విల్ ద్వీపముకడ మంచులోఁ జిక్కుకొని యచటనే శీతకాలము గడపెను. అచట సూర్యుఁడు నవంబరు మొదట మఱుఁగుపడి, ఫిబ్రవరి మొదటివఱకు కనఁబడలేదు. ఇంచుమించు మూఁడు నెలల రాత్రి. రెండు నౌకలలోను కలిసి తొంబదిమందికి పైగా మనుష్యులు. ఉత్తరము రాదు, ఉత్తరము పోదు.

ప్యారీ వారితో “ధైర్యముగా నుండుఁడు” అని చెప్పి యూరకుండలేదు. నౌక పైతట్టును గుడ్డతోఁ గప్పించి, చలి మిక్కుటముగా నున్న దినములలో నావికులందఱిని దానిక్రింద గుండ్రముగాఁ బరుగెత్తించెను. వారి యడుగులకు తాళముగా చేతితోఁ ద్రిప్పు నొక సంగీతపెట్టె వాయించుచుండిరి. పక్షమున కొక నాటకము. అధికారులే వేషధారులు, అధికారులే స్త్రీపాత్రలు. అంతకంటెను నా కాశ్చర్యము కలిగించినది వారి పత్రిక. ఎడ్వర్డు సాబిన్ అనునతఁడు సంపాదకుఁడుగా వారమున కొకసారి యొక వ్రాఁతపత్రిక వెడలెను. తరువాత లండనునగరమున దాని నచ్చువేసిరి. వ్యాసము వ్రాసి యీయనివారిని పరిహసించుచు అందులో పెక్కు రచనలు కలవు. (మన పాఠశాలా సంచికకు వ్యాసముల కోసము తరగతి తరగతి తిరిగి యలసిన నాకు సాబినుగారిపై నెంతటి సోదరభావము కలిగినదో చదువరు లూహింపఁగలరు.)

1898లో బెల్జికా యను నౌక దక్షిణధ్రువ సముద్రమున మంచులోఁ జిక్కుకొనెను. ఆ శీతకాలము గడపుటకు తగిన యేర్పాటులు వారికి లేవు. రెండు నెలలకు పైగా సూర్యుఁడు లేకుండెను. ఒక యుద్యోగి మరణించెను; కొందఱికి మతి చలించెను. తాజా యాహారము లేక వచ్చు రోగమును ఇందులకు కొంత కారణమే. ఆ నౌకలోని వైద్యుఁడు ఫ్రెడరిక్ కుక్ రోగులను దినమున కొకగంట మండుచున్న పొయ్యియెదుటఁ గూర్చుండఁబెట్టి, పెంగ్విను పక్షుల మాంసము తినిపించెను. వారు కోలుకొనసాగిరి. వెలుఁగు, వెచ్చన, రుచియున్న యన్నము, ప్రక్కన నొకమనిషి: ఆ వైద్యుని మందులపెట్టెలో నంతకు మించి యేమియు లేదు.

ప్యారీ చేసినపనిలో నాకు నచ్చినది యిది. సంతోషమును ఒక్కొక్కని స్వభావమునకు విడిచిపెట్టక, దానిని నౌకలోని పనులలో నొక పనిగాఁ జేసెను. దిగులుపడినవానికి తానై లేచి నలుగురిలోనికి వచ్చు శక్తి యుండదు. ఆ శక్తి లేకపోవుటయే వాని రోగము. “నలుగురితోఁ గలిసి యుండుము” అని వానికి బోధించుట కుంటివానితో “నడువుము, కాలు బాగగును” అనుటవంటిది. నలుగురే వానికడకుఁ బోవలెను. వానికొక చిన్నపని యప్పగింపవలెను.

మా మేనల్లుని తలుపు తట్టినవాఁడు నెల్లూరివాఁడైన యొక తోడి విద్యార్థి. “మావాఁ డొకఁడు గోంగూర తెచ్చినాఁడు, వంటవాఁడు లేఁడు, రమ్ము” అని పిలిచెనఁట. వీనికి వంట తెలియదు. ఉల్లిపాయలు తఱుగు పని యిచ్చిరి. నాఁటినుండి ప్రతి యాదివారమును ఐదుగురు విద్యార్థు లొక గదిలోఁ జేరి, ఒకఁడు పప్పు, ఒకఁడు అన్నము, ఒకఁడు గిన్నెలు, ఇట్లు పంచుకొనిరి. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు వాన యున్నను లేకున్నను కెల్విన్ నదియొడ్డున నడచుట కూడ నియమముగాఁ బెట్టుకొనిరి. మబ్బుపట్టిన యాకాశపు వెలుఁగైనను గదిలోని దీపపు వెలుఁగుకంటె నెన్నో రెట్లు హెచ్చు. ఇంతటితో సర్వము చక్కబడెనని నేను చెప్పను. వాఁడు వైద్యునికడకును పోయెను, పోవుటయే మంచిదయ్యెను. నెలలకొలఁది యన్నము సహింపక, నిద్రపట్టక, బ్రదుకుపై విసుగు పుట్టినవానిని గోంగూరతో నయము చేయఁజూచుట ప్రమాదము.

మా యక్క చేసినపని నాకు పిమ్మటఁ దెలిసినది. మన సాయంకాలము ఆఱు గంటలు గ్లాస్గోలో మధ్యాహ్నము పండ్రెండున్నర. ఆమె ప్రతిదినము ఆ వేళకు ఫోను వంటయింటి గట్టుమీఁద నిలిపి, కుమారుఁడు చూచుచుండఁగాఁ దనపాటికిఁ దాను వంట చేసికొనుచుండెడిది. పరీక్షలమాట లేదు, సొమ్ముమాట లేదు. పోపు చిటపటలాడుచుండును, కుక్కరు కూయును, ప్రక్కింటి పిల్లి కిటికీలోనుండి తొంగిచూచును. అరగంటలో వారిరువురును పది మాటలైన నాడెడివారు కారు. నేను గంటసేపు బోధించినదానికంటె నా యరగంట వానికెంతయో మేలు చేసినది.

విద్యార్థుల తలిదండ్రుల కొక మనవి. మన వసతిగృహమున నాఱవ తరగతిలోఁ గ్రొత్తగాఁ జేరిన పిల్లలకు గ్లాస్గోదాఁక పోనక్కఱలేదు. డిసెంబరు నెలలో సాయంకాలపు ఆటగంట ముగిసి, దీపములు వెలుఁగునప్పటికే కొందఱు దుప్పటి తలమీఁదికి లాగుకొనుట మే మెఱుఁగుదుము. ఆదివారమునఁ జూడవచ్చిన తండ్రి మొట్టమొదట నడుగు ప్రశ్న “ఎన్ని మార్కులు?” అని. అరిసెలపొట్లము విప్పుటకు ముందే యా ప్రశ్న వచ్చును. దానిని గొంచె మాలస్యముగా నడుగరాదా? పై తరగతుల బాలురలారా, ఆ దుప్పటి లాగి యెగతాళి చేయకుఁడు. బంతి తెచ్చుటయో, గంట కొట్టుటయో, ఏదేని యొక పని చెప్పి వెంటఁ దీసికొనిపొండు.

మా మేనల్లుఁడు చదువు ముగించి యిప్పు డచటనే యుద్యోగము చేయుచున్నాఁడు. గడచిన వారమున ఫోను చేసి, తమ యింటికి క్రొత్తగా వచ్చిన యిద్దఱు విద్యార్థులకు పులిహోర చేయవలెననియు, చింతపండు ఎంతసేపు నానవలెననియు నన్నడిగెను. నాకు తెలియక ఫోను మా యక్క చేతి కిచ్చితిని.